కొలతకు అందని గది

ఇంకో టీ పెట్టు బాబాయ్, చక్కెర తగ్గించకు. ఇన్సూరెన్స్ సర్వేయరంటే టేపు పట్టుకుని గోడలు కొలిచేవాడేగా అని మీకందరికీ నవ్వులాట. చెరువవతల గెస్టులకి అద్దెకిచ్చే ఇల్లుంది చూడండి, పాలసీ లేనిదే గెస్టుల్ని పెట్టుకోనివ్వరు, ఆ ఇంటివాళ్లకి అదే కూడు. దాన్ని చూసి రమ్మని నన్నే పంపారు. ఇంకొకడైతే గుమ్మంలోనే గుండాగి పోయేవాడు.

పట్టపగలే. గెస్టులు పడవ షికారుకెళ్లారు. బయట కొలిచాను, లోపల కొలిచాను. బయటున్నంత పొడుగు లోపల లేదు. మళ్లీ కొలిస్తే మళ్లీ అంతే. ఇల్లు ఒక గదిని మింగేసింది.

"కోతలకి కూడా ప్రీమియం కట్టాల్సొస్తే నువ్వు దివాలా తీసేవాడివి," అన్నాడు ఎదురుగా టీ తాగుతున్న ఆటో డ్రైవరు.

నవ్వు, నవ్వు. గోడకి చెవి ఆనించాను. లోపల ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. చెయ్యి పెడితే గోడ వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన ఒళ్లులా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ ఊపిరి పీల్చింది. నేను బిగబడితే అదీ బిగబట్టింది.

బాబాయి పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

అంతలో పగుల్లోంచి చెయ్యొకటొచ్చి టేపు కొస పట్టుకు లాగింది. నేను వదుల్తానా? ఆ లాగుడుకి ఇల్లు పునాదితో సహా చెరువులోకి జరిగిపోతుంటే, ఒంటిచేత్తో ఆపి, "పాలసీ రాకముందే మునిగితే ఎవడిస్తాడ్రా డబ్బులు?" అని కసిరాను. దెబ్బకి దయ్యాలన్నీ వరసలో నిలబడి వేలిముద్రలేశాయి. ముసలి దయ్యమైతే దండం పెట్టింది. నేను మాత్రం "గెస్టులు తప్ప ఇంట్లో ఎవరూ ఉండరు" అని రిపోర్టులో రాసి సంతకం కొట్టేశాను.

పక్క బల్లమీద ఇంతసేపూ తలొంచుకుని టీ తాగుతున్న టైలరక్క గ్లాసు కింద పెట్టింది.

"అది మా ఇల్లు బాబూ. ఆవేళ నీకు తాళాలిచ్చింది మా తమ్ముడు. ఇల్లంతా ఇవ్వకపోతే గెస్టులు రారు. అందుకని వాళ్లున్నన్నాళ్లూ మేం ఆ గోడ వెనక సామాన్ల గదిలో ఉంటాం. గట్టిగా నవ్వకూడదని పిల్లలకి నేర్పాను. దగ్గింది మా అమ్మ. నువ్వు గోడమీద చెయ్యి పెట్టినప్పుడు అమ్మ నోటిమీద నా చెయ్యుంది."

సర్వేయరు టీ వైపు చూస్తున్నాడు.

"దయ్యాలన్నావు, పోనీలే, పడతాం. కానీ నాకు భయంగా ఉంది. ఆ గదికి దారి ఒక్కటే, బీరువా వెనక నుంచి. రేపు ఇల్లంటుకుంటే గెస్టులు బయటపడతారు. ఎవరూ లేరని నువ్వు సంతకం పెట్టాక, మాకోసం ఎవరు వెతుకుతారు?"