అప్పీలు లేని గ్రూపు

జువ్వలదిన్నె హార్బరు ముందర ఆమినాబీ టీ కొట్టు. హజరత్తయ్యకు నిన్ననే మనవరాలు పుట్టింది. భార్య కామాక్షమ్మ నెల్లూరు ఆసుపత్రిలో కూతురి దగ్గరుంది. పడవ మరమ్మతులో ఉండి ఈయన కదల్లేకపోయాడు. టీ అందిస్తూ, పాప ఫోటో చూపించన్నా అని అడిగింది ఆమినాబీ.

"చూపిస్తాలేమ్మా, యాడికి పోతాది. ముందు ఇది విను. ఆ మధ్య మన హార్బర్లో చేపలకు ఐసు దొరకలేదా, మంత్రిగారిని నాలుగు మాటలడిగి ఫోన్లో పోస్టు పెట్టినా. టీ తాగేలోపల తీసేసినారు. రూల్సు ఒప్పుకోవంట. నేనూరుకుంటానా? చేప కుళ్లింటే కుళ్లిందని చెప్పేది తప్పా అని కంపెనీకి రాసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమెరికా నుంచి ఫోను. తెలుగులో."

"తెలుగులోనా?" అన్నాడు పక్కనున్న మేనల్లుడు చంద్రమౌళి.

"నెల్లూరు తెలుగులోరా. 'అన్నా, తప్పైపోయింది, నీ పోస్టు మళ్లా పెట్టేసినాం, దాన్ని చూసేదానికి జనం ఎగబడి మా కంప్యూటర్లు కాలిపోతుండాయి, నువ్వే కాపాడాల' అని ఒకటే ఏడుపు. పాపమనిపించి రెండు లారీల ఐసు పంపించినా."

"ఐసు దొరకలేదంటివే మామా?"

"ఊరికి దొరకలేదు. నేనడిగితే దొరకదా? ఇప్పటికీ ఆ కంప్యూటర్లు వంజరం చేప వాసనొస్తుంటాయంట."

"ఫోటో అన్నా," అంది ఆమినాబీ.

"దానికే వస్తుండానమ్మా. ఆ రోజు నుంచి ఏ దేశంలో ఏ లీడరు ఏం కూసినా, ఉంచాల్నా తీయాల్నా అని నన్నే అడగతారు. వలలో చేపలు ఏరినట్టు ఏరతా. విమర్శైతే గంపలోకి, బూతైతే సముద్రంలోకి. నా పార్టీ, నీ పార్టీ అని చూడను. మొన్న మధ్యాన్నం పులుసు కూడు తిని కునుకు తీసినా. నేను లేచేదాకా భూమ్మీద ఒకడు ఇంకొకణ్ణి తిట్టలేకపోయినాడు. తిట్టుకునే వీల్లేక రెండు దేశాలు యుద్ధమే మానుకున్నాయి."

చంద్రమౌళి గ్లాసు కింద పెట్టాడు.

"అంత పవరుంటే మామా, అత్త నిన్ను మన ఫ్యామిలీ గ్రూపులోంచి తీసేసిందే, ముందు దాంట్లోకి ఎక్కు. నీ వియ్యంకుడు మొక్కే లీడర్ని రోజూ పొద్దున్నే గుడ్మార్నింగుతో కలిపి తిడితివి. పాప ఫోటో ఆ గ్రూపులోనే పెట్టింది. నువ్వింకా చూడనే లేదు."

కొట్టంతా గొల్లుమంది. హజరత్తయ్య చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఆ కంపెనీలో అప్పీలు లేదురా," అన్నాడు. పొద్దుట్నుంచి బతిమాలుతున్నాడట, నోరు అదుపులో పెట్టుకుంటానని ఒట్టేసినాక చూద్దాం అందట కామాక్షమ్మ. "అబ్బయ్యా, ఒక్కసారి నీ ఫోన్లో చూపించరా. మనసు ఆగడంలా."

చంద్రమౌళి గ్రూపు తెరిచి ఫోను చేతికిచ్చాడు. హజరత్తయ్య కళ్లద్దాలు పంచెతో తుడుచుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లు కూడా తుడుచుకోవాల్సి వచ్చింది. ఫోను ఆమినాబీ వైపు తిప్పాడు.

"ముక్కు నాదేనమ్మా," అన్నాడు.

ఆమె వంగి పరీక్షగా చూసింది.

"నీదేనన్నా. నువ్వు చెప్పినవాట్లో ఈ మాటొక్కటి ఉంచుదాం," అంది.