పెట్రోలు వాసన

2021 జూన్‌లో, జర్మనీలోని డార్మ్‌స్టాట్ పొలాలకు రెండు వేల అడుగుల పైన, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కిరాణా దుకాణం నడిపే కరీంనగర్ ఆసామి హెలికాప్టర్ నేర్చుకుంటున్నాడు. పక్క సీట్లో నేర్పే గుంటూరు పెద్దాయన.

"ఇంజిన్ ఆగిపోతే ముందేం చేస్తావ్?"

"లీవర్ మొత్తం కిందికి దించుత సార్. గాలికి పైన రెక్కలు తిరుగుతనే ఉంటయ్. ఆ తిరుగుడే మన పెట్టుబడి. నేల దగ్గరికొచ్చినంకనే లీవర్ లేపి ఖర్చు పెట్టాలె. ముందే పెడితే దివాలా."

"కొట్టు బుద్ధి పోనిచ్చావు కాదు! సరే, ఈసారి చెప్పకుండానే థ్రాటిల్ తిప్పి ఇంజిన్ జోరు తగ్గిస్తా. కాచుకో."

అతను ముక్కు ఎగబీల్చి చూశాడు.

"సార్, ఏమనుకోవద్దు. పెట్రోలు వాసన ఇంకా ఎక్కువైతున్నది."

"ఇంకా ఏంటి? ఎప్పట్నుంచి వస్తోంది?"

"కింద ఉన్నప్పటి నుంచే. మీకూ వస్తుంటది, మీకు నేను చెప్పేదేంది అని ఊకున్న."

"ఏప్రిల్‌లో కోవిడొచ్చిందయ్యా నాకు. పోయిన వాసన ఇంతవరకూ తిరిగి రాలేదు."

మర్యాదకు పోయి ఎంత నష్టం కొనితెచ్చుకున్నాడో అతనికి అప్పుడు తెలిసింది. అంతలో వెనక ఇంజిన్ మోత ఒక్కసారిగా తగ్గిపోయింది.

"ఇప్పుడెందుకు తగ్గించిన్రు సార్?"

"నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. లీవర్ దించు!"