రాల్ కఫీ స్వయంగా అధ్యక్షత వహించిన సమావేశం

2024 సెప్టెంబరు 11, బుధవారం, ఉదయం పదింబావు. శాన్ ఫెర్నాండో పోలీస్ స్టేషన్, ట్రినిడాడ్.

సదర్న్ క్రౌన్ అకాడమీ నడిపే రాల్ కఫీ నిన్న ఇక్కడికి వచ్చి నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. తనను గదిలో నిర్బంధించి బలవంతంగా సంతకం చేయించుకున్నానట. అందుకే ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. ఎవరూ పిలవకముందే వచ్చాను. ఎందుకంటే ఈ విషయం శుక్రవారంలోగా తేలకపోతే నష్టపోయేది నా మనవరాలు.

నా పేరు యూడోరా మోలినో. వయసు డెబ్బై నాలుగు. మారబెల్లాలో ఉంటాను. ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. మా పేట పరస్పర సహాయ సంఘానికి ఇరవై ఆరేళ్లు కార్యదర్శిని.

నా మనవరాలు కెలీషా కంపెనీ సెక్రటరీ కావాలని చదువుతోంది. తెలియనివాళ్లు అది టైపు కొట్టే పని అనుకుంటారు. బోర్డు సమావేశం చట్టప్రకారం జరిగిందో లేదో చూసి, జరగకపోతే డైరెక్టర్ల మొహం మీదే చెప్పాల్సిన ఉద్యోగం అది. పరీక్షలు పెట్టేది లండన్‌లోని ఒక సంస్థ. దారులు రెండు. డిగ్రీ లేనివాళ్లు రెండు భాగాలూ రాయాలి. తగిన డిగ్రీ ఉన్నవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్ చూపించి, మినహాయింపు రుసుం కట్టి, నేరుగా రెండో భాగానికి వెళ్లొచ్చు. కెలీషాకు వాణిజ్య చట్టంలో డిగ్రీ ఉంది.

ఆ సంగతి కఫీకి తెలుసు. జనవరిలో అతని అకాడమీలో ఈ పరీక్షల కోచింగ్‌కు చేరిన రోజే ఆమె సర్టిఫికెట్ చూశాడు. "మా దగ్గర భద్రంగా ఉంటుందమ్మా" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అయినా ఆమెను పొడుగు దారిలోనే చేర్చుకున్నాడు. మొదటి భాగం ఫీజు 18,600 ట్రినిడాడ్ డాలర్లు, పుస్తకాలకు 2,150, కార్యాలయ ఖర్చులని 900. మొత్తం 21,650. కట్టింది నేను. లండన్‌కు పౌండ్లలో కట్టేది వేరే. నేరుగా వెళ్లి ఉంటే మినహాయింపు రుసుం నాలుగు వేలు దాటేది కాదు.

ఆగస్టులో కెలీషా సంస్థవారి నిబంధనలు తానే చదువుకుని కఫీని అడిగింది.

"సార్, నాకు మొదటి భాగం అక్కర్లేదటగా?"

"ఎవరన్నారు? అంత తెలిస్తే మా దగ్గరికెందుకొచ్చావు?"

"అయితే నా సర్టిఫికెట్ ఇచ్చేయండి సార్, మినహాయింపుకి పెట్టుకుంటా."

"వచ్చే ఏడాది ఫీజు కట్టు, పట్టుకుపో."

ఆమె పనిచేసే బీమా కంపెనీలో అసిస్టెంట్ సెక్రటరీ పోస్టు ఖాళీ అయింది. నవంబరు పరీక్షకు రెండో భాగంలో నమోదైతే ఆమెకే ఇస్తారు. కాకపోతే బయటి మనిషిని తీసుకుంటారు. నమోదుకు గడువు ఎల్లుండి, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు.

ఇక సోమవారం సంగతి. సాయంత్రం ఐదున్నరకు విద్యార్థులనూ ఇంటి పెద్దలనూ అకాడమీకి రమ్మని కఫీయే పిలిచాడు. ఫీజు పెంచుతున్నామని చెప్పడానికి. ఆరింటికి వాచ్‌మన్ కింద ఇనుప గేటుకు తాళం వేశాడు. దొంగల భయంతో రోజూ వేస్తాడు. తాళంచెవి అతని మెడలో ఉంటుంది. నా దగ్గర లేదు.

కఫీ ముగించాక నేను లేచాను.

"అయ్యా, ఒక తీర్మానం ప్రవేశపెడుతున్నాను. అకాడమీ తన దగ్గర ఉంచుకున్న విద్యార్థుల సర్టిఫికెట్లన్నీ రేపు మధ్యాహ్నంలోగా తిరిగి ఇచ్చేయాలి."

"బలపరుస్తున్నా!" అని వెనక నుంచి రామ్‌సరూప్ కేక పెట్టాడు. ఆయన మాక్సీ టాక్సీ, అంటే ప్రయాణికుల వ్యాను, నడుపుతాడు. ఆయన కొడుకు సర్టిఫికెట్ కూడా ఆ బీరువాలోనే ఉంది.

తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాయమని, ఈ వాంగ్మూలం రాసుకుంటున్న కార్పొరల్ ఎలీన్ గారిని కోరాను. మా దీవిలో చర్చి మహిళా బృందమైనా, క్రికెట్ క్లబ్బైనా, చివరికి అంత్యక్రియల సంఘమైనా, ఒకరు తీర్మానం పెట్టి ఇంకొకరు బలపరిచారంటే ముందు నిలబడ్డ మనిషి నోట తర్వాతి మాట దానంతటదే వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ గాలిలోనే పెరిగాం. కఫీ నోటా వచ్చింది.

"తీర్మానం సభ ముందుంది. చర్చ ఉందా?"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. మొహం మాడిపోయింది.

"చర్చేంటి సార్, ఓటు పెట్టండి," అన్నాడు రామ్‌సరూప్. "నా బండి రోడ్డు మీదుంది. జరిమానా పడితే అదీ మీ ఫీజులో కలిపేస్తారా ఏంటి?"

అందరూ నవ్వారు.

"మేడం, ఇది ఫీజుల సమావేశం. ఇందులో తీర్మానాలుండవు."

"సభ ముందు పెట్టింది మీరే నాయనా. ఇప్పుడు వెనక్కి తీసుకోగలిగేది ప్రవేశపెట్టిన నేనే. నేను తీసుకోను. ఈ ముక్క నేర్పడానికేగా మీరు ఫీజు పుచ్చుకున్నది?"

కెలీషా నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మమ్మా, కూర్చో. పరువు పోతోంది."

"పోతే నీది కాదులే. చెయ్యెత్తు."

ఎత్తింది. అందరూ ఎత్తారు. లెక్కపెట్టింది కఫీ. "వ్యతిరేకం?" అని అడిగింది కఫీ. ఎవరూ లేకపోతే "ఆమోదం పొందింది" అన్నదీ కఫీయే. నేను అక్కడికక్కడే తీర్మానం రాసి చదివి వినిపించాను. సంతకం చోట అతని పేరు కింద 'ప్రిన్సిపల్' అని రాశాను. అతను జేబులోంచి తన పెన్ను తీసి, ఆ మాట కొట్టేసి, పైన 'అధ్యక్షుడు' అని దిద్ది సంతకం చేశాడు. భయంతో సంతకం పెట్టే మనిషి ఎక్కడైనా హోదా దిద్దుతాడా? ఆ కాగితం ఇక్కడ ఒప్పజెబుతున్నాను. ఆ తర్వాత వాచ్‌మన్ గేటు తీశాడు. తాళంచెవి నా దగ్గర లేదు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి కెలీషాతో వెళ్లాను. "బీరువా తాళంచెవి కనబడట్లేదు, రేపు రండి" అన్నాడు కఫీ. మూడింటికి పోలీసుల దగ్గరికి వచ్చాడు.

నేను అరిచానా అని కార్పొరల్ గారు అడిగారు. అరవలేదు. బెదిరించానా అని అడిగారు. ఓటు పెట్టించడం బెదిరింపైతే బెదిరించాను. నిర్బంధించానట! ఎనిమిది నెలలుగా నా మనవరాలి సర్టిఫికెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసినవాడు నిర్బంధం గురించి మాట్లాడతాడా? తాళంచెవి నా దగ్గర లేదు. రెండు తాళాల్లో దేనిదీ లేదు.

దీన్ని కార్పొరల్ గారు నాకు చదివి వినిపించారు. రెండు చోట్ల దిద్దించాను. ఇప్పుడిది నేను చెప్పినట్టూ, జరిగినది జరిగినట్టూ ఉంది. ఇకపై జరగాల్సినవి ఇవి:

1. రేపు మధ్యాహ్నంలోగా పోలీసుల ఎదుట అకాడమీ బీరువా తెరవాలి. తాళంచెవి నిజంగానే పోయి ఉంటే తాళం పగలగొట్టాలి. ఆ ఖర్చు కఫీది.

2. కెలీషా సర్టిఫికెట్ కెలీషా చేతికే ఇవ్వాలి, నాకు కాదు. రామ్‌సరూప్ కొడుకుదీ, మిగతా పిల్లలవీ అలాగే.

3. 21,650 డాలర్ల సంగతి కోర్టులో తేల్చుకుంటాను. సర్టిఫికెట్ ఇస్తున్నాడు కదా, డబ్బు వదిలేయండి అని ఎవరూ రాజీకి రావద్దు.

4. శుక్రవారం సాయంత్రం నాలుగులోగా కెలీషా దరఖాస్తు చేరాలి. నన్ను అరెస్టు చేయదలిస్తే నాలుగు దాటాక రండి. ఇంట్లోనే ఉంటాను.

(సంతకం) యూడోరా మోలినో