కడిగిచ్చిన కెంపు

“నానమ్మా, పెట్టెల ఉన్న ఆ గంటీలు నాకియ్యవా? నిశ్చితార్థం ఉంగరానికి నీలం రాయి కొననీకి రేపు సిటీకి పోతున్నం. గంటీలు కరిగిస్తే ఆ బంగారంల రాయి కూసోబెట్టిస్తరట.”

ఏ గంటీలు? చెవులకు పెట్టుకునేటియి, ఆ పాత రుమాల్ల చుట్టినయ్యా? వాటిని ముట్టకు సంధ్యా. పెట్టె మూత దించు. దించినవా? ఇగ ఇట్ల నా పక్కన కూసో.

అవి నావనుకుంటున్నవు నువ్వు. మీ అమ్మ గూడ అట్లనే అనుకుంటది. మీ తాత అయితే అట్లనే అనుకొని పాయె. అవి నావి కావు బిడ్డ. మీ చిన్న నానమ్మ అంజమ్మవి. నా యారాలు, మీ తాత తమ్ముని పెండ్లాం. ఇప్పుడు మన పక్కూరు హిమాయత్‌నగర్ల ఉంటున్నది గదా, ఆమెయి. ఆమెకు వాళ్లమ్మ పెట్టిన సొమ్ము అది. నా పెట్టెలకు ఎట్లొచ్చినయో ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే. కరిగిస్తానంటివి గదా, కరిగినంక చెప్పి ఏం లాభం? అందుకే ఇప్పుడు చెప్తున్న.

నా కెంపు ఉంగరం సంగతి నువ్వు ఇన్నవు. ఇనకేం, మన సురంగల్ ఊరంత ఇన్నది. మీ తాతకు ఒంట్ల బాగలేనప్పుడు పంతులు కెంపు పెట్టుకొమ్మన్నడు. మీ తాతను పెట్టుకొమ్మన్నడు. నేనేమో, ఇంటామె పెట్టుకున్నా అదే ఫలం గదా అయ్యగారూ అని, ఆయన ఊ అనేదాక లేవలే. నాకే పెట్టుకోబుద్ధి, ఇంకేంది.

ఇద్దరం సిటీకి పోయినం. పాతబస్తీల ఒక సాబు, రాళ్లమ్మేటాయన. గడ్డం తెల్లగ మోకాళ్ల దాక... అంత లేదులే, ఛాతి దాక. నేను పెద్ద రాయి చూపియ్యి అన్న. మీ తాత తెచ్చిన పైసలకు పెసరగింజంత రాయొస్తది. నాకేమో రేగుపండంత కావాలె. సాబు ఒకటి తీసి పెట్టిండు. అబ్బ, ఏం ఎరుపు! దాని ఎలుగుకు కోళ్లు తెల్లారిందని కూయాలె.

ఆయన దగ్గర ఒక మంచిగుణం ఉండె. పైసలు అందుకోకముందే చెప్పిండు. “అమ్మా, ఇది భూమిల పుట్టిన అసల్ కెంపే. గని దీని నిండ పగుళ్లు. ఆ పగుళ్లల్ల అద్దం కరిగించి నింపిన్రు. అందుకే గింత పెద్దది గింత తక్కువకొస్తున్నది. పులుపు తగలనియ్యొద్దు. అగ్గి చూపియ్యొద్దు. ఎవరికన్న ఇస్తే గీ మాట చెప్పి ఇయ్యి.”

నేనేం తక్కువదాన్నా? ఇంక అడిగిన. అన్ని రాళ్లకు ఇట్లనే చేస్తరా అన్న. ఆయన నవ్విండు. కొన్నిటిని భట్టిల కాలుస్తరట, రంగు తేటగైతది. ఏంచిన పల్లీలు మళ్ల పచ్చియి కానట్టు ఆ రంగు మళ్ల పోదు. పచ్చలకు నూనె పట్టిస్తరట, లోపటి గీతలు కనవడకుండ. కొన్నేండ్లకు ఆ నూనె ఆరితే గీతలు మళ్ల తేలుతయి, మళ్ల పట్టియ్యాలె. కొన్నిటికి ఉత్త రంగేస్తరు, అది చెమటకే పోతది. “చేసుడు తప్పు కాదమ్మా, చేసింది దాస్తే తప్పు” అన్నడు. అని, ఇంగ్లీషుల అంత రాసి, సంతకం పెట్టి, కాగితం చేతిలవెట్టిండు.

నాకర్థం కాలేదనుకుంటున్నవా? మస్తు అర్థమైంది. చేవెళ్ల మార్కెట్ల కొత్తిమీర అమ్మినదాన్ని నేను. వాడిన కట్టల మీద నీళ్లు చల్లుతుంటిమి. తమాట డబ్బల పెద్దయి పైన, గోలికాయలంతయి అడుగున. కొనేటోనికి గూడ తెలుసు, డబ్బ కుమ్మరించి చూసి తీస్కుంటడు. రాయిని కుమ్మరించి చూడరాదు గదా బిడ్డ. చెప్పేటోడు చెప్పాలె, అంతే.

సాబు చెప్పిండు. నేను చెప్పలే.

బస్సు దిగంగనే మొదలువెట్టిన. ఇది బర్మా రాజు కిరీటంల రాయి అన్న. ఏనుగు మీద ఒచ్చిందన్న. మీ తాత పక్కకు తిరిగి దగ్గిండు, నేను ఇనవడనట్టే పోయిన. వారం దినాలల్ల ఆ ఏనుగు మూడేనుగులాయె. అబద్ధమాడుతున్న అనిపియ్యలే నాకు. కెంపు అసల్దే గదా! అసల్దా అంటే అసల్దే అని పిల్ల మీద ఒట్టేసి చెప్తుంటి. కాగితమేమో పెట్టె అడుగున ఏసిన.

ఆ ఏడు అంజమ్మకు వాళ్ల పుట్టింటోళ్లు ఒడిబియ్యం పోస్తున్నరు. ఆమె ఒచ్చి, “అక్కా, ఒక్క దినం నీ కెంపుంగరం ఇయ్యవా, మా వదినెల ముంగట నా చెయ్యి బోసిగున్నది” అన్నది. అడుగుడే సిగ్గుపడుకుంట అడిగింది. నేను మహారాణి లెక్క వేలి నుంచి తీసిచ్చిన. పులుపు తగలనియ్యకు, అగ్గి చూపియ్యకు అంటే అయిపోతుండె. నాలుగు మాటలు! దినాం నాలుగు వేల మాటలు మాట్లాడేదాన్ని, ఆ నాలుగు రాలే నోట్లకెళ్లి. అంటే ఎందుకని అడుగుతది గదా.

మనోళ్ల పద్ధతి నీకెరికే. అడుక్కున్న గిన్నె ఉత్తది పంపొద్దు, అడుక్కున్న సొమ్ము కడగకుండ ఇయ్యొద్దు. అంజమ్మకైతే ఆ పట్టింపు ఇంక ఎక్కువ. పసుపు మరకుంటే నేనేమనుకుంటనో అని చింతపండు పులుసుల ఉంగరం నానేసింది, పొద్దంత. నిమ్మచెక్క పెట్టి రుద్దింది. ఆఖరికి చూస్తే రాయి మీద సాలెగూడు లెక్క తెల్లతెల్ల గీతలు. గాబరపడి చేవెళ్లకు ఉరికింది, బంగారం పనిచేసే ఔసులాయన దగ్గరికి. జర మెరుగు పెట్టు అన్నది. ఆయన మంట చూపెట్టిండు. ఆయనకు మాత్రం ఏం తెలుసు, ఎవ్వరు చెప్పిన్రు? లోపటి అద్దం బుడగలొచ్చి ఎళ్లింది. పువ్వేసిన కన్ను లెక్క తెల్లగయింది నా కెంపు.

ఆ దినం ఆమె ఒచ్చిన తీరు నేను సచ్చినా మర్వ. చెప్పులు గూడ లేవు కాళ్లకు. కొంగుల ఉంగరం మూటగట్టుకొని, అర్ర బయటనే నిలవడ్డది. “అక్కా, నీ కెంపును సంపిన” అన్నది. ఏడ్సుకుంటనే రెండు చెవుల గంటీలు ఊడదీసింది. బిర్ర ఇరుసుకపోయినయ్, ఊడుతలెవ్వు, ఒక చెవి నుంచి నెత్తురొచ్చింది. ఇది పెంచి చెప్తలేను బిడ్డ. నేను చెప్పేటియి పదింటిల తొమ్మిది పెంచుత, ఇది ఆ పదోది. నెత్తురొచ్చింది. అవి నా చేతిలవెట్టి, “మా అమ్మయి, గివే ఉన్నయి నా దగ్గర, తీస్కో” అన్నది.

పెట్టె అక్కడనే ఉన్నది. కాగితం దాంట్లనే ఉన్నది. తీసి, తప్పు నీది కాదు పిచ్చిదానా అనాలె.

తీసుకున్న. రెండు చేతుల పట్టి తీసుకున్న.

ఏనుగులు అడ్డమొచ్చినయి మల్ల. ఊరంత చెప్పుకున్న బర్మా రాయి ఉత్త నింపుడు రాయి అంటే నా మొఖమెక్కడ పెట్టుకోను?

అంతతోటి పోయినా బాగుండు. నా నోరు ఊకుంటదా? ఒక పెండ్లిల ఎవరో ఉంగరమేదక్కా అంటే, “అంజమ్మ చెయ్యి తగిలితే కెంపు గూడ ముత్యమైతది” అన్న. అందరు నవ్విన్రు. నేను అందరికంటె ఎక్కువ నవ్విన. నేను ఇల్లు చేరకముందే ఆ మాట అంజమ్మ చెవుల వడ్డది.

నీకు తెల్వదు, నల్లపూసలు గుచ్చుడుల అంజమ్మ చెయ్యి అసొంటిది ఈ చుట్టుపక్కల లేకుండె. పూసకు పూస పువ్వు కట్టినట్టు గుచ్చేది. ఏ ఇంట్ల పెండ్లయినా పుస్తెల దారం ఆమె ముంగటనే పెట్టేటోళ్లు. నా మాటతోటి, ఆమె చెయ్యి అచ్చిరాదని ఒక్కొక్కలే వెనుకకు జరిగిన్రు. వద్దు అని ఎవ్వరనలే. పిలుసుడు మర్షినట్టు చేసిన్రు. ఆమె గూడ రావుడు బంద్ చేసింది. మీ అమ్మానాయినల పెండ్లిల ఒచ్చి, దూరంగ గోడకు ఆనుకొని కూసున్నది, బోసి చెవుల మీద కొంగు కప్పుకొని. పూసలు ఇంకెవ్వరో గుచ్చుతుంటే చూసుకుంట కూసున్నది. ఆమె వేళ్లు మాత్రం ఒడిల ఆడుతున్నయి, పూస ఎక్కిచ్చినట్టే.

నేను చూసిన. చూసి బువ్వ తినపోయిన.

ఏడుస్తున్నవా? నువ్వెందుకు, ఏడిస్తే నేనేడ్వాలె. నాకు ఏడుపు గూడ సరిగ రాదు, నడుమల నవ్వొస్తది. నా మాటలల్ల గూడ అద్దం నింపుడు ఎక్కువ బిడ్డ. ఎరుపు బాగ కనవడ్తది, పులుపు తగిలితే తెలుస్తది.

రేపు నువ్వు ఆ దుకాణంల అసల్ రాయేనా అని అడుగుతవు గదా. అవునంటడు, అది అబద్ధం గాదు. నా కెంపు గూడ అసల్దే. నువ్వు అడగాల్సింది, దీనికి ఏమేం చేసిన్రు అని. నీలాలను శానవరకు కాలుస్తరు. కాల్చింది కొంటే తప్పేం లేదు, కాల్చిందని చెప్పి ఆ ధరకే ఇయ్యాలె. రంగు మీద మీదనే పట్టిచ్చేటియి గూడ ఉంటయట, సాబు చెప్పిండు. సర్టిఫికెట్ ఉన్నదంటే మురవకు, ఎవరిచ్చిన్రు, లోపల ఏం రాసిన్రో చదువు. బిల్లు మీద గూడ రాయించు. రాసిన కాగితాన్ని నా లెక్క పెట్టె అడుగున ఏయకు. రేపు ఆ ఉంగరం నీ బిడ్డకిస్తవు, కోడలికిస్తవు. కాగితం గూడ కలిపియ్యి.

గని నీలం రేపు కాదు. ఇంకో దినం కొనుక్కోండ్రి. రేపు పొద్దున షేర్ ఆటో ఎక్కించి నన్ను హిమాయత్‌నగర్ తీస్కపోతవు. నువ్వు నా పక్కనుండాలె, ఎందుకంటే ఒక్కదాన్నే పోతే నేను మళ్ల ఏదో కథ చెప్పొస్త, నాకెరికే. ఆ గంటీలు తీయి. పెట్టె అడుగున కాగితమున్నది, అది గూడ తీయి. ఆమెకు ఇంగ్లీషు రాదు, నువ్వు చదివి తెలుగుల చెప్పు. ఒక్క మాట పెంచకు, ఒక్కటి తగ్గియ్యకు. నేను పక్కన కూసొని ఇంట. మాఫ్ చేస్తదో, చీపురందుకుంటదో, అది ఆమె ఇష్టం.

ఇంకొకటి. నల్లపూసల పొట్లం గూడ పట్టుకో. నీ పుస్తెల దారం ఆమెనే గుచ్చాలె అని నువ్వడుగు. నేనడిగితే నమ్మదు. చూపు తగ్గింది, చేతులు వణుకుతయి అంటది. పూసలు అటిటైనా మంచిదే, ఆమెతోనే గుచ్చిపిచ్చుకో.

ఇటు రా, నెత్తి మీద చెయ్యి పెట్టనియ్యి. ఎవ్వరు నీళ్లు చల్లే పని లేకుండ పచ్చగుండు బిడ్డ. పగులుంటే పగులున్నదని చెప్పే నోరు నీకుండాలె...

ఆ రుమాలు జర ఇప్పు. గంటీలు ఒకసారి చూడనియ్యి. ఒద్దు, కడగకు. కడగకుండనే ఇద్దాం. ఆ ఒక్క గంటీ కాడకు నెత్తురు మరక... ఉన్నదా ఇంకా? ఉంటది. నేను ఎన్నడు తుడువలే.