లోహాడోంగ్రీ మీద ఒలికిన చారు

సూరిబాబు అబద్ధమాడడు, కొలత పెంచుతాడంతే. మోవాలో బిలాస్‌పూర్ రోడ్డు మీది చాయ్ ఠేలా దగ్గర ఎవరు నిలదీసినా ఆయన చెప్పే జవాబు అది. ఆ ఆదివారం పొద్దున మాత్రం ఒక్క అంగుళం కూడా పెంచనని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. కారణం ఎదురుగా బెంచీ మీద కూర్చుని చాయ్ ఊదుకుంటోంది. పేరు ఫణిశ్రీ, పక్కనే కూర్చున్న పాత స్నేహితుడు జోగయ్య తమ్ముడి కూతురు, రాళ్ల చదువు చదివి గనుల కంపెనీలో చేరిన పిల్ల. ఇరవై ఏళ్ల కిందట అభన్‌పూర్ అవతల లోహాడోంగ్రీ అనే గుట్ట మీద ఇనుముకీ రాగికీ సర్వే జరిగింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడుతున్నారు. పాత బోరు గుర్తులన్నీ చెరిగిపోయాయి, చోటు చూపించే మనిషి కావాలి, రేపటి జీపులో ఒక్క సీటుంది. అప్పటి సర్వే జీపు డ్రైవరు సూరిబాబే. రిటైరైన దగ్గర్నుంచి కూరల సంచీ తప్ప మరేదీ నడపని మనిషికి ఆ సీటు పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది.

"ఒరే సూరీ, ఈ ఒక్క గంట కోతలు కొయ్యకు," అని జోగయ్య ముందే బతిమాలుకున్నాడు.

అందుకే బుద్ధిగా మొదలెట్టాడు. ఆ గుట్ట అసలు సున్నపురాయమ్మా, కోట్ల ఏళ్ల కిందట అడుగునుంచి సలసల కాగే రాతిద్రవం తన్నుకొచ్చింది, రెండూ తగిలిన అంచంతా ఉడికిపోయి గిన్నె అడుగంటినట్టు ఇనుమూ రాగీ అక్కడ పట్టేశాయి, స్కార్న్ అంటారు, మా పెద్దసాబ్ చెప్పాడు, అన్నాడు. ఫణిశ్రీ తలూపింది. సూరిబాబుకి హుషారొచ్చింది. ఇనుము సరే, రాగి మాత్రం ఎవరికీ దొరకలేదు, ఆ రాగిని పట్టింది నా చారు, అన్నాడు. క్యాంపులో సాబులంతా రోటీ దాల్ మనుషులు, ఈయన క్యారియరు చూసి ఇమ్లీ కా పానీ, అంటే చింతపండు నీళ్లు, అని వెక్కిరించేవారట. ఒకనాడు గుట్ట నెత్తిన నిలబడి, పచ్చమరకలున్న రాయొకటి చూసి, దీని సంగతి తేలుద్దామని కావాలనే చారు దాని మీద పోశాడట. ఇనప గరిటె అందులోనే వదిలేసి అన్నం తిని వచ్చేసరికి గరిటె కొస ఎర్రగా రాగై కూర్చుంది.

పక్కన అచ్చయ్య ఫక్కున నవ్వాడు. ధర్సీవా దగ్గర ఇనప కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. మా ఆవిడ రోజూ చారే పెడుతుంది, మా గరిటె ఇంకా గరిటెలాగే ఉందన్నాడు. ఠేలా అంతా నవ్వింది. సూరిబాబుకి ఒళ్లు మండింది. ఉన్నమాట చెబితే నవ్వేవాళ్లకి ఒట్టెందుకు, గట్టెందుకు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు.

జోగయ్య కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత దిక్సూచిలో ముల్లు గిరగిరా తిరిగి అద్దం పగలగొట్టుకుని పోయిందట. అంత ఇనుము ఆ గుట్టలో. జీపు న్యూట్రల్‌లో పెడితే దానంతటదే గుట్టెక్కేది, దిగాలంటే మాత్రం ఫస్టు గేరూ పదిమంది కూలీలూ కావాలి. సాబుల చెప్పుల మేకులు లాగేసుకుంటే వాళ్లు వట్టికాళ్లతో ఇంటికెళ్లారు. ఇక ధమ్తరి చిన్నరైలు సంగతి చెప్పాలా, గుట్ట లాగితే అభన్‌పూర్ స్టేషన్లో ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడిపోయింది, ప్యాసింజర్లు దిగి తోశారు, కావలిస్తే జోగయ్యనడగండి, ఆ బండికి గార్డు వాడే.

"నన్ను లాగకురా," అన్నాడు జోగయ్య.

ఫణిశ్రీ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూనే సంచీలోంచి పాత రిపోర్టు జిరాక్సు తీసింది.

"చారు మాట నిజమే పెదనాన్నా, ఇందులో రాసే ఉంది. చింతపండు పులుపుకి ఆ పచ్చమరక కరుగుతుంది, అందులోని రాగి వెళ్లి ఇనుముకి అంటుకుంటుంది," అంది జోగయ్యతో.

సూరిబాబు ఛాతీ రెండంగుళాలు పొంగింది. అచ్చయ్య వైపు ఒక చూపు పారేశాడు.

"అయితే బాబాయ్," అని సూరిబాబు వైపు తిరిగింది, "మీరు పోశారని లేదు. డ్రైవరు కాలు జారి పడ్డాడు, చారు ఒలికింది, అతను పడ్డ చోటే మొదటి బోరు వేశాం అని రాశారు. కింద ఇంకో ముక్క కూడా ఉంది. తాను పడలేదని డ్రైవరు వాదిస్తున్నాడు అని."

ఇరవై ఏళ్లుగా, ఇంట్లో ఆవిడకి కూడా, గుట్ట నెత్తిన నిలబడి పోశాననే చెప్పాడు సూరిబాబు.

"మీరు పోసిన చోటు చూపిస్తే నాకు పని జరగదు. పడ్డ చోటు కావాలి," అంది ఫణిశ్రీ మెల్లగా.

సూరిబాబు గ్లాసు అడుగు చూశాడు. జోగయ్యని చూశాడు. సిగ్గు ఒక పక్క, జీపు సీటు ఒక పక్క లాగుతున్నాయి. లోహాడోంగ్రీ కూడా ఎన్నడూ అంతలా లాగలేదు.

"నెత్తిన కాదమ్మా," అన్నాడు చివరికి. "తూరుపు పక్క, వాగు గట్టున, తునికిచెట్టు దాటాక. అక్కడ పడ్డాను."

ఫణిశ్రీ చోటు రాసుకుని, రేపు ఆరింటికి జీపు ఇక్కడికే వస్తుంది, ముందు సీటు మీదే, అంది. అచ్చయ్య ఈసారి నవ్వలేదు, ఇంకో చాయ్ చెప్పాడు. సూరిబాబు చాయ్ అందుకుని, ఒక గుక్క తాగి, బెంచీ మీద కాస్త ముందుకి జరిగాడు.

"అయితే అమ్మాయ్, ఎంత ఎత్తు నుంచి పడ్డానో తెలుసా?"