కుడి బుగ్గ బాకీ

పడమటి కొండల కింద గుడారంలో అమ్మమ్మ మనవరాలి సంచి సర్దుతోంది. రాజధాని ఉలాన్‌బాతర్ వెళ్ళే బస్సు దగ్గర దింపే జీపు బయట హారన్ కొడుతోంది.

“ఇన్ని ఎండు పెరుగు గడ్డలెందుకు అమ్మమ్మా? కాలేజీలో తిండి పెడతారుగా.”

“పక్క మంచం పిల్లకి పెట్టు. స్నేహం కలుస్తుంది.”

“కలవకపోతే?”

“ఒక్కదానివే నములు. అంత గట్టి ముక్క నోట్లో ఉంటే ఏడవడానికి వీలుండదు. ఇలా రా.”

అమ్మమ్మ మనవరాలి ఎడమ బుగ్గ మీద ముద్దు పెట్టి ఆగిపోయింది.

“కుడి బుగ్గకో?”

“తెలియనట్టు అడుగుతావేం? వెళ్ళేవాళ్ళకి ఒక్క బుగ్గే. రెండోది తిరిగొచ్చాక.”

“అక్కడ నాకెవరూ లేరు. అదీ ఇప్పుడే పెట్టెయ్యవూ?”

“పెట్టను.”

“చదువుకెళ్ళిన మామయ్యకీ ఒక్కటే పెట్టావు. వచ్చాడా మరి?”

ఆ మాట అనేశాక పిల్ల నాలుక కరుచుకుంది. అమ్మమ్మ సంచి మూతి తాడు బిగించి కట్టింది.

“రాలేదు. వాడి ముద్దు ఇంకా నా దగ్గరే ఉంది. ఇద్దరివీ మోయలేనే తల్లీ. నీది నువ్వొచ్చి తీసుకుపో.”

“వేసవికి వస్తాను.”

“జీపు ఎక్కాక వెనక్కి చూడకు. నీ ప్రయాణం చల్లగా సాగాలని వెనక నేను పాలు చల్లుతుంటాను.”

మనవరాలు వెనక్కి చూడలేదు. అన్నట్టుగానే వేసవి సెలవులకు వచ్చింది. కానీ అంతకుముందే, ఫిబ్రవరి మంచులో జిల్లా ఆసుపత్రికని అదే జీపులో వెళ్ళిన అమ్మమ్మ తిరిగి రాలేదు.