కారు స్టార్టవట్లేదని ఫోన్ చేస్తే

ఆసుపత్రి వెనక కార్లు నిలిపే చోటు. నాన్నను చేర్పించిన రోజు నుంచి ఆయన కారు అక్కడే కదలకుండా పడి ఉంది. ఈ తెల్లవారుజామున నాన్న పోయాడు. అంత దూరం నుంచి కారు నడుపుకుంటూ రావాల్సిన తమ్ముడికి ఆ మాట ఫోన్లో చెప్పడానికి అక్కకు నోరు పెగల్లేదు. బ్యాటరీ దిగిపోయింది, వైర్లు తీసుకుని రమ్మని మాత్రం చెప్పి ఊరుకుంది. వాడు రానే వచ్చాడు. ఇక చెప్పక తప్పదు. ఆమెకు ఏడుపైనా రావడం లేదు, ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

“ఇంకొంచెం ముందుకి రానియ్యనా అక్కా?”

“చాలు. తగిలేట్టుంది.”

“తగలదులే. తగలకూడదు కూడా. సరే, నా ఇంజను ఆపేశా. నువ్వు లైట్లు, ఏసీ అన్నీ ఆపావా?”

“అవి పనిచేస్తే నిన్నెందుకు పిలుస్తానురా?”

“పనిచెయ్యకపోయినా స్విచ్చులు ఆపాలి. తాళం కూడా తీసెయ్. బానెట్ ఎత్తు.”

“ఎత్తాను. ముందు కాస్త కూర్చో. టీ తాగుతావా?”

“దారిలో తాగా.”

“అబద్ధం. ఆగుంటే ఇంత తొందరగా ఎలా వస్తావు?”

“రోడ్డు ఖాళీగా ఉంది. టార్చి ఇలా పట్టు.”

“పగలేగా.”

“లోపల చీకటి. బ్యాటరీ పగిలిందో, కారుతోందో చూడాలి. పగిలినదానికి వైర్లు తగిలిస్తే మొహమ్మీద పేలుతుంది. బానే ఉంది. నిలబడి నిలబడి దిగిపోయింది, అంతే.”

“అవును. అంతే.”

“ఎర్ర క్లిప్పు ముందు దీని ప్లస్సుకి. గట్టిగానే పట్టింది. రెండో ఎర్రది నా బండి ప్లస్సుకి. ఆ నల్లవి రెండూ నువ్వు పట్టుకో, దేనికీ తగలనివ్వకు.”

“పట్టుకున్నా. ఒరేయ్, నీకో మాట...”

“ఒక నల్లది నా బండి మైనస్సుకి. ఇటివ్వు. ఊఁ. ఇంక ఇదొక్కటే.”

“చెప్పేది విను.”

“వింటున్నా. ఆ వైరు నాకివ్వు.”

“ఇస్తాలే, ముందు విను.”

“ఇవ్వక్కా.”

“అక్కడ కాదు. అక్కడ కాదురా, ఆగు. దిగిపోయిన బ్యాటరీ మైనస్సుకే పెట్టేస్తున్నావేంటి?”

“ఆ? అవును.”

“నాన్న మనిద్దరికీ చెవినిల్లు కట్టుకుని చెప్పింది అదొక్కటే కదరా. చివరిది బ్యాటరీ దగ్గర పెట్టొద్దు, నిప్పురవ్వ లేస్తుంది, దూరంగా ఇంజను మీద రంగులేని ఇనుము చూసి పెట్టమని. అడిగినా అడక్కపోయినా అందరికీ పాఠం చెప్పేవాడివి నువ్వు.”

“మర్చిపోయా.”

“నువ్వా?”

“మర్చిపోయానన్నాగా. ఇదిగో, ఈ బోల్టుకి పెట్టా. వెనక్కి జరుగు, నా బండి స్టార్ట్ చేస్తా.”

“చెయ్.”

“కాసేపు ఇలా నడవనివ్వాలి. దీనికి కాస్త చార్జి ఎక్కాలి.”

“ఎంతసేపు?”

“ఎంతసేపైతే ఏముంది, నిలబడదాం.”

“ఈ కారంటే నాన్నకి మనిద్దరికంటే ముద్దు. వానలో తడిసొస్తే మనకి జలుబు చేస్తుందని కాదు, సీట్లు పాడవుతాయని తిట్టేవాడు.”

“నిన్ను తిట్టి ఊరుకున్నాడు. నన్నైతే డిక్కీలో కూర్చోమన్నాడు.”

“నవ్వొస్తోందిరా నాకు. ఇప్పుడు నవ్వు రావడమేంటి?”

“వస్తే నవ్వు. ఎవరొద్దన్నారు?”

“పై అంతస్తుకి వెళ్ళాలిరా మనం.”

“వెళ్దాం. ఇది అవ్వనీ. ఎక్కి కూర్చుని తాళం తిప్పు. మెల్లిగా. ఊఁ, ఇంకోసారి.”

“అయింది.”

“ఆపకు. ఇప్పుడాపితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. వైర్లు పెట్టిన వరసకి తిరగేసి తియ్యాలి. ముందు బోల్టు మీది నల్లది. తర్వాత నా నల్లది, నా ఎర్రది. ఆఖర్న దీని ఎర్రది. అయిపోయింది. నువ్వు దిగు.”

“ఎందుకు?”

“ఓ చుట్టు తిప్పుకొస్తా. అరగంటన్నా నడిస్తేగాని చార్జి నిలవదు.”

“ఇప్పుడెక్కడికి పోతావురా?”

“ఎక్కడికో అక్కడికి. దిగక్కా.”

“దిగను. ఇటు చూడు. వచ్చిన దగ్గర్నుంచీ బ్యాటరీ, వైర్లు, క్లిప్పులు తప్ప ఇంకో మాట లేదు నీ నోట్లో. నాన్నకెలా ఉందని ఒక్కసారన్నా అడగలేదేంటి?”

“అడిగితే నువ్వు చెప్పాల్సొస్తుంది కదక్కా.”